పరలోక ప్రార్థన, పంక్తి భోజనం

పాలకుర్తి నుంచీ దాని చుట్టుపక్కల ఊళ్ల నుంచీ జనగామకో, హన్మకొండకో, కాజీపేటకో పిల్లల్ని పంపి క్రైస్తవ హైస్కూళ్లలో చదివించే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది క్రైస్తవులు కారు. ఆ పిల్లలు పొద్దున గంట కొట్టగానే వరుసల్లో నిలబడి, చేతులు జోడించి, పరలోక ప్రార్థనను ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చెప్పేస్తారు. డిసెంబరు వస్తే గొర్రెల కాపరి వేషమో దేవదూత వేషమో కడతారు. శివరాత్రికి అమ్మానాన్నలతో కలిసి పాలకుర్తి సోమేశ్వర లక్ష్మీనరసింహస్వామి గుట్ట ఎక్కుతారు. ఈ రెంటికీ పొంతన కుదుర్చుకోవాలన్న ఆలోచనే చాలామందికి రాదు. ఏళ్లు గడిచాక పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో కలుసుకున్నప్పుడు, ఆ ప్రార్థన ఒక్క మాట తప్పకుండా ఇంకా నోటికి వస్తోందని తామే ఆశ్చర్యపోతారు. నమ్మని ప్రార్థన చెప్పిన ఆ పిల్లవాడు అబద్ధమాడినట్టా? చెప్పించిన బడి వాడి దగ్గర నుంచి ఏమైనా లాక్కున్నట్టా? ఈ ప్రశ్న మీద మన దగ్గర జరిగే వాదాల్లో రెండు పక్షాలూ పొద్దుటి ప్రార్థనకు లేని బలాన్ని అంటగడుతున్నాయని నా అభిప్రాయం. క్రైస్తవ బడిలో మతం నిజంగా పనిచేసే చోటు బెంచీ, భోజనాల గది. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరితో ఎవరు తిన్నారు అన్న లెక్కతోనే ఆ బడులను మెచ్చుకోవాలి, ఆ లెక్కతోనే తప్పు పట్టాలి.

బడికీ పిల్లవాడి భక్తికీ నడుమ జరిగే పెనుగులాట మీద తెలుగులో ప్రహ్లాద చరిత్రను మించిన కథ లేదు. దాన్ని తెలుగు చేసిన పోతన ఊరు పాలకుర్తి మండలంలోని బమ్మెర అని ఈ ప్రాంతం వాళ్ల నమ్మకం. ఒంటిమిట్ట వాళ్లు ఒప్పుకోరు, అది వేరే తగవు. హిరణ్యకశిపుడు కొడుకును చండామార్కుల దగ్గర చదువుకు వేశాడు. రాజుగారి బడి, రాజుగారి మతం, రాజుగారి భయం. ప్రహ్లాదుడు ఆ బడి ఎగ్గొట్టలేదు, గురువులకు ఎదురు తిరగలేదు, చెప్పిన పాఠమంతా నేర్చుకున్నాడు. తండ్రి తొడ మీద కూర్చోబెట్టుకుని ఏం నేర్చావని అడిగినప్పుడు మాత్రం తన మనసులో ఉన్నదే చెప్పాడు. ఏనుగులూ పాములూ విషమూ చేతిలో ఉన్న ప్రభుత్వం కూడా ఒక చిన్నపిల్లవాడి లోపలికి వెళ్లలేకపోయింది. మిషన్ బడులంటే గుబులుపడే హిందూ తల్లిదండ్రులకు ఇంతకంటే ధైర్యం చెప్పే కథ ఇంకొకటి దొరకదు. అయితే ఈ కథకు మరో వైపు కూడా ఉంది. గురువులు ఇంటి పనుల మీద వెళ్లినప్పుడు, అంటే మన భాషలో ఇంటర్వెల్లో, ప్రహ్లాదుడు తోటి రాక్షస బాలురను పోగేసి హరిభక్తి బోధిస్తాడు. హిరణ్యకశిపుడి కళ్లతో చూస్తే ఆ బడిలో పిల్లల మతం మార్చినవాడు ప్రహ్లాదుడే. చండామార్కులు రాజుకు చేసుకున్న మొరకూ ఈ కాలంలో విద్యాశాఖకు వెళ్లే ఫిర్యాదులకూ పెద్ద దూరం లేదు. కాబట్టి ఈ కథను ఏ ఒక్క పక్షమూ తన జేబులో వేసుకోలేదు. కానీ ఒక సంగతి స్పష్టంగా చెబుతుంది: గురువు అప్పజెప్పించుకున్నది పెదవుల దగ్గర ఆగిపోయింది, తోటివాడు చెప్పింది లోపలికి దిగింది.

ప్రహ్లాదుడు మామూలు పిల్లవాడా, తల్లి కడుపులో ఉండగానే నారదుడు ఉపదేశం చేశాడు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మామూలు మనుషుల చరిత్రే చూద్దాం. ఇంగ్లండు నుంచి వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో బడి తెరిచాడు. అది బైబిలు పాఠం తప్పనిసరి అయిన బడి. పై కులాల పిల్లలను క్రీస్తు దగ్గరికి తేవాలన్నది ఆయన ఎత్తుగడ. వాళ్లు బెదిరిపోతారని దళితుల పిల్లలను దగ్గరికి రానివ్వలేదు. పదేళ్లకు దగ్గరపడుతున్నప్పుడు, 1852లో, మంచాల రత్నం, ఐనాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఊరు భగ్గుమంది, బడి దాదాపు ఖాళీ అయింది. తర్వాత పిల్లలు మళ్లీ వచ్చారు, బడి కాలేజీగా ఎదిగింది, అక్కడ చదివిన వాళ్లలో అత్యధికులు హిందువులుగానే పెరిగి పెద్దయ్యారు. అంతేకాదు, మిషన్ చదువుకు పోటీగా జాతీయ విద్య కావాలంటూ కోపల్లె హనుమంతరావు వంటివారు ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టింది కూడా ఆ మచిలీపట్నంలోనే. ఇక సర్వేపల్లి రాధాకృష్ణన్ సంగతి అందరికీ తెలిసిందే. తిరుపతిలో లూథరన్ మిషన్ బడి, వెల్లూరులో ఊరీస్ కాలేజీ, తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. బాల్యం నుంచి ఎం.ఏ. దాకా ఆయన చదువు చాలావరకు మిషనరీల చేతుల మీదే సాగింది. హిందూ మతం మీద ఆ మిషనరీ ఉపాధ్యాయులు చేసిన విమర్శే తనను వేదాంతం వైపు తిప్పిందని ఆయనే రాసుకున్నాడు. 1908లో వేదాంతంలో నీతికి చోటుందని వాదిస్తూ రాసిన సిద్ధాంత పత్రాన్ని మెచ్చుకున్నది క్రైస్తవ తత్వవేత్త ఎ.జి. హాగ్. క్రైస్తవ బడి ఇరవయ్యో శతాబ్దపు హిందూ మతానికి అతి పెద్ద వకీలును తయారుచేసి పంపింది. బైబిలు పాఠం పిల్లల మతాన్ని కరిగించేస్తుందన్న భయానికీ, అదే వాళ్లను మార్చేస్తుందన్న ఆశకూ ఈ చరిత్ర ఒకే సమాధానం ఇస్తోంది.

నోబుల్ లెక్కలో తప్పు ఎక్కడుందంటే, ప్రార్థన లోపల ఉంచి మనుషులను బయట ఉంచాడు. దీనికి ఎదురుగా మన వరంగల్ వైపు చరిత్ర పెట్టి చూడాలి. హన్మకొండలో అమెరికన్ బాప్టిస్టులు 1879లో స్థిరపడ్డారు. వరంగల్ కథోలిక మేత్రాసనం 1952లో ఏర్పడింది. కాజీపేట ఫాతిమా నగర్ బడులు ఆ తర్వాతి కాలపు పంట. ఈ రెంటి మధ్య కాలంలో డోర్నకల్ ఉంది. 1912లో బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో బతికాడు. ఆయన మేత్రాసనంలో పల్లె ఉపాధ్యాయుడే ఉపదేశి. పగలంతా పొలం పనికి పోయే మాల, మాదిగ పిల్లలకు అక్షరం చూపించడం ఆ ఉపాధ్యాయుడి కొలువులో సగం. డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కథీడ్రల్లో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసి కనిపిస్తాయి, దాన్ని చూసి ఆయన ఉదారత గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం ఆ కట్టడం కంటే ఆ పల్లె బడే పెద్ద వేదాంతంగా కనిపిస్తుంది. నిజాం రాజ్యంలో పై చదువు ఉర్దూలో ఉండేది, ఊరి బడి దొరల గడీల నీడలో ఉండేది. అలాంటి చోట వెట్టివాడి కొడుకు తెలుగు అక్షరాలు దిద్దుకోవడమూ, చదివింది గట్టిగా పైకి చదవడమూ చిన్న సంగతులు కావు. బోర్డింగ్ హాస్టళ్లలో వేర్వేరు కులాల పిల్లలు ఒకే పంక్తిలో కూర్చుని, ఒకే గుండిగలోది తినాల్సి రావడం మరీ పెద్ద సంగతి. కంచం పక్కన కంచం పెట్టి తినడానికి మొదట్లో ఒప్పుకోని ఇళ్లు ఎన్నో. కులం మొదట మొరాయించింది ఆ పంక్తి దగ్గరే, ప్రార్థన దగ్గర కాదు.

ఇది బయటి నుంచి దిగుమతి అయిన కొలతేమీ కాదు. ఎనిమిది వందల ఏళ్ల కిందటే పాలకుర్తి ఇదే కొలత పెట్టింది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని పండితుల వృత్తాలు పక్కన పెట్టి జనం నోట ఆడే ద్విపదలో రాశాడు. అందులో బోయ కన్నప్ప ఉన్నాడు, మాదార చెన్నయ్య ఉన్నాడు. చోళరాజు పెట్టే నైవేద్యాన్ని వదిలి శివుడు చెన్నయ్య ఇంటి అంబలి తాగాడని కథ. భక్తుడి భక్తి ఎంతటిదో తేల్చడానికి సోమనాథుడు మంత్రం శుద్ధిగా పలికాడా లేదా అని చూడలేదు, దేవుడు ఎవరింట తిన్నాడని చూశాడు. క్రైస్తవ బడి కూడా తన మూలగ్రంథాన్ని తెరిస్తే ఇదే మాట కనిపిస్తుంది. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తీర్పు దినాన రాజు అడిగేది ఆకలిగొన్నవాడికి పెట్టావా, పరదేశిని చేర్చుకున్నావా అనే. ఏ ప్రార్థన వల్లించావని అడగడు. ఇంకో విచిత్రం 6వ అధ్యాయంలో ఉంది. పదిమందీ చూడాలని వీధుల్లో నిలబడి ప్రార్థించవద్దు, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమని యేసు హెచ్చరిస్తాడు. ఆ హెచ్చరిక వెంటనే వచ్చేదే పరలోక ప్రార్థన. దాన్ని తీసుకొచ్చి ఏడెనిమిది వందల మంది పిల్లల చేత మైకులో చెప్పించడం సువార్తకు ఎంత దగ్గరో, దూరమో ఫాదర్లూ సిస్టర్లూ బ్రదర్లూ ఆలోచించుకోవలసిన విషయం.

నమ్మకం గల క్రైస్తవుడు ఇక్కడ అడ్డుతగులుతాడు. ప్రార్థనను ఇలా మర్యాదగా, అలవాటుగా తేల్చేస్తే క్రైస్తవ బడికీ వీధి చివరి ప్రైవేటు బడికీ తేడా ఏముంది, క్రీస్తు పేరు చెప్పకుండా క్రీస్తు సేవ ఏమిటి అంటాడు. ఈ తగవు మిషన్లలోనూ పాతదే. మద్రాసు క్రిస్టియన్ కాలేజీ నడిపిన విలియం మిల్లర్, విద్య పని మనుషులను మార్చడం కాదు, సమాజంలోకి విలువలను పారనివ్వడం అన్నందుకు తోటి మిషనరీల చేతనే మాటలు పడ్డాడు. ఆయన శిష్యుడు రఘుపతి వెంకటరత్నం నాయుడు బాప్తిస్మం పుచ్చుకోలేదు, బ్రహ్మసమాజికుడయ్యాడు. దళిత పిల్లలకు చదువు చెప్పించడంలో, కళావంతుల దురాచారాన్ని ఎదిరించడంలో ఆయన చేసినంత పని బాప్తిస్మం పొందినవాళ్లలో ఎందరు చేశారు? క్రీస్తు పేరు ప్రకటించే హక్కు చర్చికి ఉంది, ఆ హక్కును తక్కువ చేయడం లేదు. పదేళ్ల పిల్లల్ని వరుసలో నిలబెట్టి చెప్పించినంత మాత్రాన ప్రకటన అయిపోదు అంటున్నాను. ఆ పిల్లవాడి వైపు నుంచి చూసినా అందులో అబద్ధం కనిపించదు. క్రైస్తవ ఇంట పుట్టిన గుర్రం జాషువ, కాశీ విశ్వేశ్వరుడికి గబ్బిలం చేత కబురు పంపిన దళితుడి గొంతుతో 1941లో కావ్యం రాశాడు. అదే చేత్తో తర్వాత క్రీస్తు చరిత్ర రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందాడు. శివుడికి మొరపెట్టినప్పుడు ఆయన దొంగ భక్తుడయ్యాడని ఎవరూ అనరు. ఎదుటివాడి దేవుడితో ఎదుటివాడి మాటల్లో మాట్లాడటం మనిషికి చేతనవును. అది నటన కావచ్చు, గౌరవం కావచ్చు, ఒక్కోసారి నిజమైన మొర కూడా కావచ్చు. పిల్లవాడు చెప్పింది వీటిలో ఏదో తేల్చే హక్కు హెడ్మాస్టరుకూ లేదు, బడి గేటు బయట జెండా పట్టుకున్నవాడికీ లేదు.

దీనికంటే బరువైన ఆక్షేపణ గాంధీది. చదువునూ వైద్యాన్నీ ఎర వేసి పేదలను మతంలోకి లాగుతున్నారని 1930ల్లో ఆయన మిషన్లను గట్టిగా విమర్శించాడు. అజరయ్యతో ఆయనకు కుదరని విషయాల్లో ఇదే ముఖ్యం. ఈ విమర్శలో నిజం లేదనను. అన్నం పెట్టే చెయ్యి చెప్పిన మాటకు ఆకలిగా ఉన్నవాడు తల ఊపుతాడు. ఇలాంటి బలవంతానికి కర్ర అక్కర్లేదు. కానీ ఎర సిద్ధాంతం ఒక చోట తప్పుతుంది. 1960, 70ల్లో అమెరికా గోధుమనూక ఉప్మా, పాలపొడి మిషన్ హాస్టళ్లకే కాదు, సర్కారు బడులకూ వచ్చాయి. ఒకచోట తిన్నవాడు మతానికి అమ్ముడుపోయాడనీ ఇంకోచోట తిన్నవాడు ఉత్త ఉప్మా తిన్నాడనీ అనడం కుదరదు. మాల మాదిగలు ఏ దేవుణ్ణి కొలవాలో ఆలోచించి నిర్ణయించుకోలేరన్న చిన్నచూపు ఈ మాటల అడుగున ఉంది, అజరయ్యకు కష్టం తోచింది దాని మీదే. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. నూట డెబ్భై ఏళ్ల బడుల తర్వాత ఇదీ లెక్క. ఈ అంకెను పూర్తిగా నమ్మవద్దని వెంటనే ఎవరైనా అంటారు, అదీ సబబే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు, క్రైస్తవులకు తెరవలేదు. అందుకే ఆదివారం చర్చికి వెళ్లే పిల్లవాడు బడి రిజిస్టర్లో హిందువుగా ఉంటాడు. క్రైస్తవ బడిలో తన మతం పేరు రాసుకోలేని పిల్లలు చాలావరకు క్రైస్తవులే కావడం మన వ్యవస్థ చేసిన వింత. ప్రార్థన వరుసలో పైకి చెప్పలేని నమ్మకంతో నిలబడేది హిందూ పిల్లవాడొక్కడే కాదు.

చట్టం వైపు చూస్తే దారి అంత చిక్కుగా లేదు. రాజ్యాంగం 28(3) అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపో సాయమో పొందే బడిలో మత బోధకూ ఆరాధనకూ రమ్మని ఎవరినీ బలవంతం చేయకూడదు. పిల్లలైతే సంరక్షకుల సమ్మతి కావాలి. అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టారు కాబట్టి సమ్మతించినట్టేనని బడులు అనుకుంటాయి, విడిగా ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అడగాలి. కేరళలో జాతీయ గీతం పాడకుండా గౌరవంగా నిలబడ్డ ముగ్గురు యెహోవాసాక్షుల పిల్లలను బడి నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. నిలబడటం మర్యాద, పాడకపోవడం మనస్సాక్షి, ఒకటి ఇంకోదానికి అడ్డు కాదన్నది ఆ తీర్పు సారం. క్రైస్తవ బడిలో హిందూ, ముస్లిం పిల్లలకు ఇదే వర్తించాలి. సర్కారు బడిలో సరస్వతి పటం ముందు చేతులు కట్టుకుని నిలబడే క్రైస్తవ పిల్లవాడికీ ఇదే వర్తించాలి. రెండోదాని గురించి గొంతెత్తేవాళ్లు మొదటిదాని గురించి ఎత్తేవాళ్లలో అరుదు. 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లాలో ఒక క్రైస్తవ బడికి హనుమాన్ దీక్ష దుస్తుల్లో పిల్లలు రావడం మీద వివాదం రేగి, జనం బడి మీద పడి అద్దాలు పగలగొట్టారు, బడి సిబ్బంది మీద పోలీసు కేసు కూడా నమోదైంది. దీక్ష బట్టలు యూనిఫాంకు అడ్డమని బడి అనుకోవడం తొందరపాటే అనుకుందాం. నలభై ఒక్క రోజుల దీక్షను ఓపిగ్గా భరించిన బడులు తెలంగాణలో ఎన్నో ఉన్నాయి, వాటికేమీ కొంప మునగలేదు. కానీ పిల్లల మనస్సాక్షిని కాపాడటానికి వచ్చామన్నవాళ్లు పిల్లల కళ్లముందే వాళ్ల బడిని పగలగొట్టడంలో మనస్సాక్షి జాడ ఎక్కడుంది?

ఇంతకీ జ్ఞాపకాల సాక్ష్యం మీద నాకు ఒక అనుమానం ఉంది. పూర్వ విద్యార్థుల సభల్లో గంట, క్రమశిక్షణ, సిస్టర్ బెత్తం, క్రిస్మస్ నాటకం, ఇంగ్లీషు, ఇవన్నీ ముచ్చటగా తిరిగి వస్తాయి. 2009 విద్యాహక్కు చట్టం నిషేధించిన బెత్తం దెబ్బలను కూడా ప్రసాదంలా తలుచుకుంటారు. అయితే ఆ సభలకు వచ్చేది ఆ చదువుతో బాగుపడ్డవాళ్లు. పదో తరగతి దాటలేక ఆగిపోయినవాడు, ఫీజు కట్టలేక ఏడాది మధ్యలో మానేసినవాడు, బోర్డింగ్‌లోనూ కులం పేరు విన్నవాడు ఆ ఫోటోలో కనిపించడు. క్రైస్తవ సంఘంలో కులం చావలేదనడానికి వేరే సాక్ష్యం వెతకక్కర్లేదు. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ 2022లో కార్డినల్ అయినప్పుడు, ఆ పదవి అందుకున్న తొలి దళితుడని ప్రపంచమంతా రాసింది. చర్చిలో మెజారిటీ దళితులే అయిన దేశంలో ఆ మాట వార్త కావడానికి అన్నేళ్లు పట్టింది. అందుకే జ్ఞాపకాల తియ్యదనాన్ని పక్కన పెట్టి, హాజరు పట్టీ చూడమంటాను. ఇప్పుడు మండల కేంద్రాల్లో కూడా చర్చితో సంబంధం లేనివాళ్లు 'సెయింట్' బోర్డు తగిలించి బడులు నడుపుతున్నారు. క్రీస్తు పేరుకు ఇంగ్లీషు మీడియం అన్న అర్థం స్థిరపడిపోయింది. అసలైన క్రైస్తవ బడులూ ఆ పోటీలో పడి ఫీజులు పెంచాయి. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలన్న విద్యాహక్కు చట్టం నిబంధన మైనారిటీ బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు ప్రమతి కేసులో తేల్చింది. తెలంగాణలో ఆ నిబంధన అమలే అంతంతమాత్రం, అది వేరే మాట. మైనారిటీ హక్కు కాపాడటానికి ఆ తీర్పు అవసరమేనని వాదించవచ్చు, నేనూ కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ పేదవాణ్ణి చేర్చుకోవాల్సిన పనిలేదన్న మినహాయింపు క్రీస్తు పేరు మీదే రావడం ఆ బడులకు ఎక్కడో గుచ్చుకోవాలి. చట్టం అడగకపోయినా ఆ సీట్లు తమంతట తామే ఇచ్చే బడి ఉంటే, అక్కడ కూలివాడి కూతురూ కాంట్రాక్టరు కొడుకూ ఒకే బెంచీ మీద కూర్చుంటే, పొద్దున ఏ ప్రార్థన చెప్పినా, అసలు చెప్పకపోయినా నాకు పేచీ లేదు. ఇవ్వని చోట ప్రార్థన మీద ఎంత గొడవ జరిగితే అంత మేలు, యాజమాన్యానికీ, గేటు బయట నిలబడి అరిచేవాళ్లకూ. ఇద్దరినీ ఫీజు పుస్తకం చూపించమని అడిగేవాళ్లు ఉండరు.